షామా: వినడం ఎక్కడ పూర్తవుతుంది?

అందరికీ నమస్కారం. ఈ హాలులో పాస్టర్లు ఉన్నారు, తెలుగు ఉపాధ్యాయులు ఉన్నారు, బైబిలు ఎన్నడూ తెరవనివారు కూడా ఉన్నారు. అందుకని వ్యాకరణం కాసేపు పక్కన పెట్టి, మా ఇంటి కుడితి తొట్టి దగ్గర మొదలుపెడతాను.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. బడి నుంచి రాగానే గేదెకు నీళ్లు పెట్టమని నాన్న పొద్దున్నే చెప్పి పొలానికి వెళ్లారు. నేను వచ్చీ రాగానే పుస్తకాల సంచి అరుగు మీద పడేసి ఆటలో పడ్డాను. చీకటి పడేవేళకు ఆయన తిరిగొచ్చి తొట్టిలోకి తొంగిచూశారు. అడుగున ఎండిపోయిన తవుడు తప్ప చుక్క నీరు లేదు. "పొద్దున చెప్పింది వినలేదా?" అన్నారు. "విన్నాను నాన్నా" అన్నాను. అది అబద్ధం కాదు. ఆయన అన్న ప్రతి మాటా నాకు గుర్తుంది. ఆయన కోప్పడలేదు, చెయ్యి ఎత్తలేదు. తొట్టి అంచు మీద చెయ్యి వేసి, "వింటే ఇది నిండి ఉండేది కదరా" అన్నారు.

చాలా ఏళ్ల తర్వాత హీబ్రూ నేర్చుకుంటున్న రోజుల్లో ఒక క్రియ దగ్గర ఆగిపోయాను. నిఘంటువులో దానికి ఎన్నో అర్థాలు: విను, ఆలకించు, గ్రహించు, లోబడు, మొర ఆలకించు, తీర్పు చెప్పడానికి వాదన విను. ఒకే క్రియ ఇన్ని పనులు ఎలా చేస్తుందా అని తల పట్టుకున్నప్పుడు ఆ ఖాళీ తొట్టి గుర్తొచ్చింది. మా నాన్నకు హీబ్రూ రాదు. కానీ ఆ సాయంత్రం ఆయన ‘వినడం’ అన్న మాటను వాడిన తీరు అచ్చంగా హీబ్రూ తీరే. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఇదే: ఈ క్రియను అర్థం చేసుకోవడానికి తెలుగువాళ్లం ఎక్కడికో వెళ్లనవసరం లేదు, మన ‘మాట వినడం’ మనకుంటే చాలు.

ఆ క్రియ పేరు షామా. మూడు అక్షరాలు: షీన్, మేమ్, అయిన్. చివరి అయిన్‌కు తెలుగులో అక్షరం లేదు. అది గొంతు లోపలి నుంచి వచ్చే ధ్వని. ఖురాను చదివే మిత్రులు దాన్ని తేలిగ్గా పలుకుతారు, ఎందుకంటే ఇదే ధాతువు అరబ్బీలోనూ ఉంది. నమాజులో నడుము వంచి చేసే రుకూ నుంచి పైకి లేస్తూ "సమిఅల్లాహు లిమన్ హమిదహ్" అంటారు. తనను స్తుతించినవాణ్ణి అల్లాహ్ విన్నాడు అని దాని అర్థం. ఆ సమిఅ, ఈ షామా తోబుట్టువులు. ఇంకా వెనక్కి వెళితే బాబిలోను, అష్షూరు ప్రజల అక్కాదీ భాషలో ఇదే ధాతువు షెమూ అని వినిపిస్తుంది. హీబ్రూ బైబిలులో ఈ క్రియ 1,100 కన్నా ఎక్కువసార్లు వస్తుంది. ఏ పేజీ తెరిచినా ఎక్కడో ఒకచోట ఎదురవుతుంది.

మొట్టమొదట ఎదురయ్యేది ఆదికాండము మూడో అధ్యాయంలో. చల్లని వేళ తోటలో దేవుడు నడుస్తున్న చప్పుడు ఆదాము, హవ్వ విన్నారు, విని చెట్ల మధ్య దాక్కున్నారు. అది చెవికి సంబంధించిన వినికిడే. అదే అధ్యాయంలో కొంచెం కిందకు వస్తే దేవుడు ఆదాముతో, నీ భార్య మాట విన్నావు కాబట్టి, అంటాడు. ఆమె గొంతు అతని చెవిన పడిందని ఇక్కడ ఎవరూ అర్థం చేసుకోరు. పండు తిన్నాడని అర్థం. పది వచనాల లోపే ఒకే క్రియ చెవి దగ్గర నుంచి చేతి దాకా, నోటి దాకా వచ్చేసింది.

ఇక్కడ ఒక చిన్న వ్యాకరణ విషయం చెప్పక తప్పదు. షామాకు నేరుగా కర్మ తగిలితే, అంటే ఒక చప్పుడునో వార్తనో వింటే, మామూలుగా అది చెవి వినికిడి. ‘బె’ అనే ఉపసర్గతో ‘కోల్’, అంటే స్వరం, కలిసి ‘షామా బెకోల్’ అని వస్తే చాలా చోట్ల లోబడడమే. మాటకు మాట పెడితే ‘స్వరంలో వినడం’ అవుతుంది. మన భాషలోనూ ఇలాంటి తేడా ఉంది. "అమ్మ గొంతు విన్నాడు" అంటే ఒకటి, "అమ్మ మాట విన్నాడు" అంటే మరొకటి. "అమ్మ మాట వినపడింది" అంటే మళ్లీ వేరు. తేడా నేర్పమని ఏ పిల్లవాడూ పంతులుగారిని అడగడు. పొట్టనిండా పాలు తాగినంత సహజంగా అది వచ్చేస్తుంది. హీబ్రూ పిల్లలకు ‘బెకోల్’ కూడా అలాగే వచ్చి ఉంటుంది.

బైబిలు హీబ్రూలో ‘లోబడు’ అని చెప్పడానికి ప్రత్యేకించి వాడుకలో ఉన్న మామూలు క్రియ లేదు. ఆజ్ఞను పాటించడం అన్నప్పుడు ‘షామార్’, అంటే కాపాడు, అనే క్రియ వస్తుంది. ఒక మనిషికి, ఒక స్వరానికి లోబడడం అన్నప్పుడు షామాయే. ఇది హీబ్రూ జాతికి మాత్రమే ఉన్న వింత మనస్తత్వమని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. గ్రీకులో లోబడడానికి వాడే ‘హుపాకువో’లో ఉన్నది ‘అకువో’, అంటే విను. ఇంగ్లీషు వాళ్ల ‘ఒబే’ లాటిన్‌లో వినడాన్ని చెప్పే మాట నుంచి పుట్టింది. అంతదూరం ఎందుకు, మన ‘శుశ్రూష’ చూడండి. సంస్కృతంలో ‘శ్రు’ అంటే విను. శుశ్రూష అంటే మొదట ‘వినాలన్న కోరిక’. గురువు మాట వినాలని కోరుకునేవాడు గురువు దగ్గర ఉండి సేవ చేశాడు, చివరకు ఆ మాట సేవ అయింది. ఈ రోజు మంచాన పడ్డ తల్లికి శుశ్రూష చేస్తున్న కూతురు ఆ మాటలో ఒక చెవి దాగి ఉందని గమనించకపోవచ్చు. ఆ చెవి మాత్రం ఇంకా అందులోనే ఉంది.

షామాకు మరో అర్థం ఉంది, అదీ నాకు చాలా ఇష్టమైనది: భాష తెలియడం. బాబెలు గోపురం కథలో దేవుడు భాషను తారుమారు చేసినప్పుడు, హీబ్రూలో ఉన్నది ‘ఒకని మాట ఒకడు వినకుండా’ అని. మన తెలుగు బైబిలు ‘ఒకని మాట ఒకనికి తెలియకుండ’ అంది. అనువాదం సరైనదే. ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, ఎదురుగా ఉన్న అధికారి తమ తమ్ముడేనని గుర్తుపట్టని యోసేపు అన్నలు తమలో తాము హీబ్రూలో మాట్లాడుకుంటున్నప్పుడు, యోసేపు ‘వింటున్నాడని’ వాళ్లు ఎరుగరు, మధ్యలో దుబాసీ ఉన్నాడు కాబట్టి. అన్నల మాటలు అతని చెవిన పడుతున్నాయని వాళ్లకు తెలుసు. తెలియనిదల్లా అవి అతనికి అర్థమవుతున్నాయని.

ఇప్పుడు ఒక గోడ దగ్గరికి వెళదాం. క్రీ.పూ. 701. అష్షూరు రాజు సన్హెరీబు యూదా పట్టణాలను ఒక్కొక్కటిగా పట్టుకుంటూ వచ్చాడు. అతని అధికారి రబ్షాకే యెరూషలేము గోడ ముందు నిలబడి బిగ్గరగా మాట్లాడుతున్నాడు. గోడ మీద సామాన్య జనం. కింద హిజ్కియా రాజు పంపిన ముగ్గురు: ఎల్యాకీము, షెబ్నా, యోవాహు. రెండో రాజుల గ్రంథం 18వ అధ్యాయం. 26వ వచనంలో ఆ ముగ్గురూ బతిమాలుకుంటారు: అయ్యా, అరామిక్ భాషలో మాట్లాడండి, మేము ‘వింటాము’, గోడ మీది జనం చెవుల్లో పడేలా యూదుల భాషలో మాట్లాడకండి. ఇక్కడ షామా అంటే ఆ భాష మాకు వచ్చు అని. రబ్షాకే ఆ మాట లెక్కచేయడు. 28వ వచనంలో గొంతు ఇంకా పెంచి యూదుల భాషలోనే, మహారాజైన అష్షూరు రాజు మాట ‘వినండి’ అంటాడు. చెవులు ఇటు తిప్పండి అని అర్థం. 31వ వచనంలో, హిజ్కియా మాట ‘వినకండి’ అంటాడు. లోబడకండి అని అర్థం. ఆరు వచనాల్లో ఒకే క్రియ మూడు అర్థాలతో వచ్చింది, మూడు చోట్లా ఆ జనానికి అయోమయం లేదు. ఒక పట్టణం ప్రాణం ఎవరి మాట వినాలన్న ప్రశ్న మీద వేలాడుతోంది. అంతా విన్న జనం మారుపలకలేదు, జవాబివ్వొద్దని రాజు చెప్పి ఉన్నాడు కనుక. వాళ్లు రబ్షాకే మాట చెవులతో విన్నారు, హిజ్కియా మాట పెదవులు బిగించి విన్నారు.

ఇక నేను ఎక్కువసేపు ఆగాలనుకున్న చోటికి వచ్చాను. మొదటి సమూయేలు 15వ అధ్యాయం. మీలో చాలామంది దీని మీద ప్రసంగాలు విని ఉంటారు. బలి అర్పించడం కన్నా మాట వినడం శ్రేష్ఠమన్న వచనం గోడల మీద, క్యాలెండర్ల మీద కూడా కనిపిస్తుంది. ఆ వచనాన్ని విడదీసి చదివితే అది ఒక నీతివాక్యం. అధ్యాయంలో పెట్టి హీబ్రూలో చదివితే అది ఒక కథకుడు నేసిన నేత.

ఆ అధ్యాయంలో షామా ఎనిమిది సార్లు వస్తుంది. కోల్, అంటే స్వరం, ఏడుసార్లు. నేను పెన్సిలుతో ఒక్కొక్కటే గుర్తుపెట్టుకుంటూ వెళ్లిన రోజు నాకు ఇప్పటికీ జ్ఞాపకం ఉంది.

మొదటి వచనంలో ప్రవక్త సమూయేలు ఇశ్రాయేలు రాజు సౌలుతో, యెహోవా మాటల స్వరాన్ని విను అంటాడు. ఉత్తరువు ఏమిటంటే అమాలేకీయులను, వాళ్ల పశువులతో సహా, ఏమీ మిగల్చకుండా నిర్మూలించాలి. ఈ ఉత్తరువు కఠినమైనది. దాన్ని గురించి మరో రోజంతా మాట్లాడుకోవలసి ఉంది, ఈ రోజు దాన్ని చిన్నది చేసి చూపించే ఉద్దేశం నాకు లేదు. క్రియ వెంటే వెళదాం.

నాలుగో వచనం. సౌలు సైన్యాన్ని సమకూర్చాడు. ఇక్కడ హీబ్రూ ఒక విచిత్రమైన రూపం వాడింది: ‘వయ్‌షమ్మా’. అదే షామా, కానీ నడిమి అక్షరం ఒత్తి పలికే పియేల్ రూపంలో. ‘వినిపించాడు’, అంటే పిలుపు వినిపించి జనాన్ని పోగుచేశాడు అని. ఈ క్రియకు ఈ రూపం బైబిలు మొత్తంలో రెండే చోట్ల ఉంది, ఇక్కడ ఒకసారి, ఇదే గ్రంథం 23వ అధ్యాయంలో ఒకసారి. రెండు చోట్లా కర్త సౌలే. సైన్యాన్ని కూడగట్టడానికి హీబ్రూలో వేరే మాటలు లేవా అంటే, ఉన్నాయి. కథకుడు వాటిని వదిలి దీన్ని ఎంచుకున్నాడు. దాన్ని గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

యుద్ధం అయింది. సౌలు అమాలేకీయుల రాజైన అగగును ప్రాణాలతో పట్టుకొచ్చాడు, మంచి గొర్రెలను, ఎడ్లను మిగుల్చుకున్నాడు. సమూయేలు రాగానే ఎదురెళ్లి, యెహోవా ఆజ్ఞ నెరవేర్చాను అంటాడు. అప్పుడు 14వ వచనం. సమూయేలు అడుగుతాడు: అయితే నా చెవుల్లో పడుతున్న ఈ గొర్రెల కోల్ ఏమిటి? నేను వింటున్న ఈ ఎడ్ల కోల్ ఏమిటి? మన బైబిలు ‘గొఱ్ఱెల అరుపులు’, ‘ఎడ్ల రంకెలు’ అంది. తెలుగు చెవికి ఎంత అందంగా ఉందో. కాకపోతే హీబ్రూ శ్రోతకు మొదటి వచనంలోని ‘యెహోవా మాటల కోల్’ వెంటనే గుర్తొస్తుంది. నిన్ను వినమన్న స్వరం ఒకటి, నాకు వినపడుతున్న స్వరం ఇంకొకటి. ఒక్కసారి ఆ దృశ్యం ఊహించుకోండి. ముసలి ప్రవక్త ఎదురుగా రాజు. రాజు నోటి నుంచి భక్తి మాటలు. వెనుక నుంచి ఒక గొర్రె. వాదించడానికి రాజు ఎన్ని మాటలైనా కూర్చుకోగలడు, ఆ గొర్రె నోరు మాత్రం మూయించలేడు. మా ఇంటి ఎండిన తొట్టి కూడా ఆ గొర్రెలాంటిదే.

19వ వచనం: నువ్వెందుకు యెహోవా మాట వినలేదు? 20వ వచనం: నేను విన్నాను, అంటాడు సౌలు. "విన్నాను నాన్నా" అని నేను అన్నట్టే. తర్వాత 22వ వచనం, అందరికీ తెలిసినది. అందులో షామా రెండుసార్లు. మన తెలుగు బైబిలు ఇక్కడ ‘ఆజ్ఞను గైకొనుట’ అంది. అర్థంలో తప్పు లేదు. కానీ ఇరవై వచనాల నుంచి సాగుతున్న ‘విను’ అన్న దారం సరిగ్గా ముడిపడే చోట తెగింది. దాని పక్కనే ఉన్న మరో క్రియకు, ‘హిక్షీవ్’కు, అంటే చెవి నిలిపి ఉంచడానికి, ‘మాట వినుట’ వేశారు. అనువాదకులను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. మిగతా చోట్ల ‘మాట విని’, ‘మాట వినక’ అని దాదాపు హీబ్రూ దారినే పోయారు, ఎన్నో భాషలకు ఇంత అదృష్టం పట్టదు. ఈ ఒక్కచోట మీ పుస్తకం అంచున పెన్సిలుతో ‘వినుట’ అని రాసుకుని చదవండి.

చివరిది 24వ వచనం. సౌలు ఒప్పుకుంటాడు: నేను జనానికి భయపడ్డాను, వాళ్ల కోల్ విన్నాను. ‘వాఎష్మా బెకోలామ్’. ఇప్పుడు నాలుగో వచనం గుర్తుచేసుకోండి. అక్కడ సౌలు జనానికి వినిపించాడు. ఇక్కడ సౌలు జనాన్ని విన్నాడు. రాజుగా పిలుపునిచ్చినవాడు చివరకు తాను పిలిచినవాళ్ల పిలుపుకు తలవంచాడు. అతను చెవిటివాడు కాడు. అధ్యాయం మొత్తంలో అతను వింటూనే ఉన్నాడు. ఎవరిని అన్నదే ప్రశ్న. కథకుడు దీన్ని ఎక్కడా విడమర్చి చెప్పలేదు. ఒక అరుదైన క్రియారూపాన్ని మొదట్లో పాతిపెట్టి, చివర్లో దాని మీదుగా మనల్ని నడిపించాడు.

ముందు వరుసలో ఒక పెద్దాయన చెయ్యెత్తారు. అడగండి అయ్యగారూ. ‘అయితే బైబిలులో విను అని ఎక్కడున్నా లోబడు అని చదువుకోవాలా?’ మంచి ప్రశ్న, నేను అక్కడికే వస్తున్నాను. వద్దండి. ప్రసంగాల్లో తరచూ వినిపించే మాట ఇది: హీబ్రూలో వినడమంటేనే లోబడడం, రెండూ ఒకటే అని. అది నిజం కాదు. వాన చప్పుడు వింటే వానకు లోబడం కదా. ఒక మాటకు నిఘంటువులో ఉన్న అర్థాలన్నిటినీ మూటకట్టి ఒక్క వాక్యం నెత్తిన పెట్టే అలవాటును 1961లో జేమ్స్ బార్ అనే స్కాట్లండు పండితుడు గట్టిగా విమర్శించారు. ఆయన మాట ఇప్పటికీ నిలుస్తుంది. ఏ అర్థమో వాక్యం చెబుతుంది, ధాతువు చెప్పదు.

దానికి సాక్ష్యం బైబిలులోనే ఉంది. యెషయా ఆరో అధ్యాయంలో ప్రవక్తకు అప్పగించిన వింత సందేశం: ‘షిమ్‌ఊ షామోఆ’, వినడం వినండి గాని గ్రహించకండి. ఒకే క్రియను రెండు రూపాల్లో పక్కపక్కన పెట్టి నొక్కి చెప్పడం హీబ్రూ పద్ధతి. ఇంగ్లీషువాళ్లు దీనికి నానా తంటాలు పడతారు. మనకు ఆ బాధ లేదు. "వినడమైతే విన్నాడు, చెయ్యలేదు." "తినడం తిన్నాడు, పళ్లెం తీయలేదు." రోజూ ఇంట్లో అనే మాటే. వినడం ఒకటే అయిపోయి తర్వాతిది ఆగిపోవచ్చని ఈ వాక్యం ఒప్పుకుంటుంది. ఒప్పుకుంటుంది కాబట్టే ప్రవక్త గొంతులో అంత బాధ. లోబడడం వినడంలోనే ఇమిడి ఉంటే యెషయాకు పనే లేదు. మనం ‘పెడచెవిన పెట్టడం’ అంటాం. పెట్టింది చెవినే, అయితే పెడచెవిన.

సరే, ఈ క్రియకు అన్నిటికన్నా పేరు తెచ్చిన వచనానికి వద్దాం. ద్వితీయోపదేశకాండము 6:4. ‘షెమా యిస్రాయేల్’. ఇశ్రాయేలూ వినుము. యూదులు దీన్ని రోజుకు రెండుసార్లు, ఉదయం, సాయంత్రం చదువుతారు. మొదటి వాక్యం పలికేటప్పుడు కుడిచేత్తో కళ్లు మూసుకుంటారు. చూపును కాసేపు పక్కనపెట్టి చెవికి చోటివ్వడం నాకు అందులో కనిపిస్తుంది. తోరా, అంటే మోషే ధర్మశాస్త్రం, చుట్టలో ఈ వాక్యంలో రెండు అక్షరాలు మిగతావాటికన్నా పెద్దవిగా రాస్తారు: ‘షెమా’ చివరి అయిన్, ‘ఒక్కడే’ అని చెప్పే చివరి మాట ‘ఎహాద్’లోని చివరి దాలెత్. ఆ రెండూ కలిపితే ‘ఏద్’, సాక్షి. విన్నవాడు సాక్షి అవుతాడని పెద్దలు దానికి భాష్యం చెప్పుకున్నారు. ఈ వాక్యం ఉన్న చాలా పాత రాతప్రతి ఒకటి 1902లో ఐగుప్తులో దొరికింది. దాన్ని నాష్ పపైరస్ అంటారు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉంది. చిన్న ముక్క. అందులో పది ఆజ్ఞలు, వాటి వెంటనే షెమా మొదలు. మృత సముద్రపు చుట్టలు బయటపడేవరకు హీబ్రూ బైబిలు వచనాలకు అంతకన్నా పాత ప్రతి ఏదీ తెలియదు.

యూదు ధర్మశాస్త్ర సంకలనమైన మిష్నా మొదలయ్యేదే ఈ షెమాతో, సాయంత్రం దాన్ని ఏ వేళ నుంచి చదవాలి అన్న ప్రశ్నతో. అందులో కొంచెం ముందుకు వెళితే ఒక వాదం ఉంది. షెమా చదివినవాడు తన చెవికి వినపడేలా పలకకపోతే చదివినట్టా కాదా? చదివినట్టే అని ఒక మాట. కాదు అని రబ్బీ యోసే మాట. ‘విను’ అని మొదలయ్యే వాక్యాన్ని పలికేవాడు కనీసం తనకు తాను వినిపించుకోవద్దా అని. నాకు రబ్బీ యోసే పక్షమే నచ్చుతుంది. అంతకన్నా నచ్చింది మరొకటి: షెమాను హీబ్రూలోనే చదవాలా అన్న చర్చలో తల్మూదు, అంటే మిష్నా మీద సాగిన చర్చల సంకలనం, పండితులు ఆ ఒక్క క్రియను చూపించి, షెమా అంటే ‘నువ్వు వినే ఏ భాషలోనైనా’ అన్నారు. యోసేపు కథలో, గోడ దగ్గర చూశామే, అదే అర్థం. కైసరయ పట్టణంలో యూదులు షెమాను గ్రీకులో చదువుకున్నారని యెరూషలేము తల్మూదు చెబుతుంది. ఈ తీర్పు చదివినప్పుడల్లా నాకు గుండె నిండుతుంది. 1805లో విశాఖపట్నంలో దిగి తెలుగు నేర్చుకుంటూ బైబిలు అనువాదానికి కూర్చున్న క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే మిషనరీలకు, వాళ్ల పక్కన కూర్చుని మాటకు మాట వెతికిపెట్టిన తెలుగు పండితులకు ఆ తీర్పు తెలుసో లేదో గానీ, వాళ్లు చేసిన పని దాని పరిధిలోనిదే.

సీనాయి కొండ దగ్గర జనం అన్న మాటను క్లుప్తంగా చెబుతాను. ‘నఅసే వెనిష్మా’, చేస్తాము, వింటాము. వరుస తిరగబడి ఉంది. వినకముందే ఎలా చేస్తారు? మన బైబిలు ‘చేయుచు విధేయులమై యుందుము’ అని సర్దింది. తల్మూదు పండితులు ఆ తిరగబడ్డ వరుసకే మురిసిపోయారు. చేయడం మొదలుపెట్టాకే కొన్ని మాటలు వినపడతాయన్నది నా అనుభవం కూడా. వంట నేర్చుకున్నవారికి, సంగీతం నేర్చుకున్నవారికి ఇది చెప్పనక్కరలేదు.

ఇంతవరకు మనిషి దేవుణ్ణి వినడం గురించే మాట్లాడాను. హీబ్రూలో ఈ క్రియ అటు నుంచి ఇటు కూడా నడుస్తుంది. మరుభూమిలోకి పారిపోయిన దాసి హాగరు కొడుకు పేరు ఇష్మాయేలు, ‘దేవుడు వింటాడు’. మన ఊళ్లలో ఇస్మాయిల్ అన్న పేరు పెట్టుకున్న ప్రతి ఒక్కరూ ఆ క్రియను మోస్తున్నారు. భర్త ప్రేమకు నోచుకోని లేయా తన రెండో కొడుకుకు షిమియోను అని పేరు పెట్టింది, నన్ను ద్వేషిస్తున్నారని యెహోవా విన్నాడు అంటూ. దేవుడు కర్త అయినప్పుడు షామాకు ‘లోబడు’ అన్న అర్థం పొసగదు. కానీ ‘చెవిన పడింది’ అన్నది కూడా చాలదు. తెలుగులో "దేవుడు నా మొర ఆలకించాడు" అంటే పని జరిగిందనే కదా అర్థం. ఐగుప్తులో బానిసల మూలుగు విన్నాడన్న వాక్యం తర్వాతే విడుదల కథ మొదలవుతుంది. సొలొమోను రాజైన కొత్తల్లో దేవుణ్ణి అడిగింది కూడా ఇదే: ‘లేవ్ షోమేయా’, వినే హృదయం. మన బైబిలులో అది ‘వివేకముగల హృదయము’ అయింది. న్యాయం తీర్చవలసినవాడు మొదట వినాలి. నాకు ‘వినే హృదయం’ అన్నదే కావాలి.

ఇక ఒక్కటి చెప్పి ముగిస్తాను. ఇది బైబిలులో లేదు, ఒక కుండ పెంకు మీద ఉంది. 1960లో, ఇశ్రాయేలు సముద్రతీరంలో యవ్నే దగ్గర మెసాద్ హషవ్యాహు అనే చిన్న కోటను జోసెఫ్ నావే తవ్వుతున్నప్పుడు, ద్వారం దగ్గరి కావలి గదిలో సిరాతో రాసిన పెంకు ముక్కలు దొరికాయి. క్రీ.పూ. ఏడో శతాబ్దం చివరినాటివి. రాయించింది ఒక కోత కూలీ. అధికారికి పెట్టుకున్న విన్నపం అది. అన్నట్టు ఈ ‘విన్నపం’ మన ‘విను’ నుంచి పుట్టింది కాదు, ‘విజ్ఞాపన’కు తద్భవం. అయినా ఆ మాటలో తెలుగు చెవికి ‘విను’ వినిపిస్తూనే ఉంటుంది.

ఆ కూలీ చెప్పుకున్నది ఇది. నేను పంట కోశాను, ఎప్పటిలాగే కొలిచి కొట్లో చేర్చాను. పని అయిపోయాక షోబాయ్ కొడుకు హోషయాహు వచ్చి నా పైబట్ట పట్టుకుపోయాడు. ఎండలో నాతోపాటు కోత కోసిన నా అన్నదమ్ములంతా నాకు సాక్ష్యం చెబుతారు. నా తప్పేమీ లేదు. నా బట్ట నాకు ఇప్పించండి. చెప్పిందే మళ్లీ చెబుతాడు, పదేపదే ‘నీ దాసుడు’, ‘నీ దాసుడి బట్ట’ అంటాడు. ఎదురుగా నిలబడి తొందర తొందరగా మాట్లాడుతున్న మనిషి గొంతు ఆ వాక్యాల్లో ఉంది.

పైబట్ట అంటే పేదవాడికి పగలు తొడుగు, రాత్రి దుప్పటి. నిర్గమకాండము 22వ అధ్యాయంలో దాని గురించి చట్టం ఉంది. పొరుగువాడి బట్ట కుదువ పెట్టుకుంటే పొద్దు గుంకేలోగా తిరిగి ఇవ్వాలి, అది తప్ప వాడు ఇంకేమి కప్పుకుని పడుకుంటాడు? ఆ చట్టం చివర దేవుడు అంటాడు: వాడు నాకు మొరపెడితే ‘వెషామాతీ’, నేను వింటాను, నేను దయగలవాణ్ణి.

పెంకు చివరి వరుసలు విరిగిపోయాయి. అధికారి జవాబు మనకు మిగల్లేదు. మొదటి వాక్యం మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని హీబ్రూలో ఒకసారి చదువుతాను: ‘యిష్మా అదోనీ హస్సార్ ఎత్ దెవార్ అవ్దో.’ దొరగారు తమ దాసుడి మాట వినాలి.